మన కథ మనమే రాసుకుందాం



వార్షికోత్సవ సంచిక వస్తుందంటే హాస్టల్లో సందడే వేరు. ఒకరు కవిత ఇస్తారు, ఒకరు సామెతలు ఏరి ఇస్తారు, చేయి తిరిగినవాళ్ళు అంబేద్కర్ బొమ్మ గీస్తారు. ఇక్కడ చదివి వెళ్ళిన మాలాంటి వాళ్ళను "నాలుగు మంచి మాటలు రాయండి" అని అడగడం ఆనవాయితీ. ఆ నాలుగు మాటలేమిటో మీకు ముందే తెలుసు. కష్టపడి చదవండి, కాలాన్ని వృథా చేయకండి, చెడు సావాసాలు పట్టకండి, తల్లిదండ్రుల పేరు నిలబెట్టండి. ఇవన్నీ నిజాలే. అయితే ఇవి ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు కాబట్టి, ఈసారి మేము మరో మాట మీ ముందు పెట్టదలచుకున్నాం.

"జీవితం ఒక కథ, దాన్ని నువ్వే రాసుకో" అని వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో చదివే ఉంటారు. వినడానికి ఎంతో బాగుంటుంది. కాని ఆ పుస్తకాలు రాసేవారు ప్రతి మనిషి చేతిలోనూ తెల్ల కాగితమే ఉంటుందనుకుంటారు. ట్రంకు పెట్టె, చాప పట్టుకొని హాస్టల్ గేటు దాటే పిల్లవాడి కాగితం తెల్లగా ఉండదు. వాడికంటే ముందే దానిమీద చాలామంది రాసి పెట్టారు. ఆ రాతల మధ్యన మన రాత ఎట్లా రాసుకోవాలి? నిండుగా బతకడమంటే మనకు ఏమిటి? ఇదే ఈ వ్యాసంలో మా ప్రశ్న.

మనకంటే ముందు రాసిన చేతులు

హాస్టల్ అడ్మిషన్ ఫారం గుర్తు చేసుకోండి. కులం, తండ్రి వృత్తి, వార్షికాదాయం. ఆ గళ్ళు నింపకపోతే సీటు రాదు, స్కాలర్‌షిప్పు రాదు. అవి అవసరమే, తప్పు పట్టడం లేదు. కాని మన గురించి ప్రభుత్వానికి తెలిసిందల్లా ఆ గళ్ళలో ఉన్నదే. మన బాపుకు ఎన్ని బతుకమ్మ పాటలు వచ్చో, మన అమ్మ బీడీలు చుడుతూ ఎన్ని లెక్కలు నోటితో కడుతుందో రాసే గడి ఏ ఫారంలోనూ లేదు.

పుట్టిన తేదీ సంగతి ఇంకా విచిత్రం. మనలో ఎంతమంది పుట్టినరోజు జూన్ నెలలోనే ఉందో ఒకసారి తోటివాళ్ళను అడిగి చూడండి. బడిలో వేసిన రోజున అమ్మ "వరికోతలప్పుడు పుట్టిండు సారూ" అంటే, సారు తనకు తోచిన తేదీ వేశారు. పదో తరగతి మెమోలో అదే అచ్చయింది. మన కథలో మొదటి వాక్యమే వేరే చేతితో రాసింది.

ఇది మనకొక్కరికే జరిగింది కాదు. అమెరికాలో బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్‌కు తన పుట్టిన తేదీ తెలియదు. బానిసల పుట్టినరోజులు రాసిపెట్టే అవసరం యజమానులకు లేదు. యజమాని ఇంటి ఇల్లాలు అక్షరాలు నేర్పడం మొదలుపెడితే, చదువు వస్తే బానిస చేతికి చిక్కడని ఆమె భర్త మాన్పించాడు. ఆ పిల్లవాడు మానలేదు. వీధిలో ఆడుకునే పేద తెల్లపిల్లలకు తన రొట్టెముక్క ఇచ్చి, బదులుగా వాళ్ళ దగ్గర చదువు నేర్చుకున్నాడు. 1838లో తప్పించుకున్నాడు. పాత ఇంటిపేరు వదిలి డగ్లస్ అనే కొత్త పేరు పెట్టుకున్నాడు. ఫిబ్రవరి 14ను తన పుట్టినరోజుగా తానే ఎంచుకున్నాడు. 1845లో తన జీవితకథ అచ్చువేసినప్పుడు పుస్తకం పేరు కిందనే "తానే స్వయంగా రాసినది" అని వేయించాడు. ఒక బానిస ఇంత బాగా రాయగలడా అని అనుమానించే లోకానికి ఆ చిన్న వాక్యమే జవాబు. అక్కడితో ఆగకుండా 1855లో, మళ్ళీ 1881లో తన కథను తిరగరాశాడు. వయసు పెరిగేకొద్దీ అదే జీవితం ఆయనకు కొత్తగా అర్థమైంది.

పేరు పెట్టుకునే హక్కు

డగ్లస్ పేరు మార్చుకున్నది అక్కడైతే, మన తెలుగునేల మీద ఒక సమాజమే తన పేరు తాను పెట్టుకుంది. 1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. హైదరాబాదు నుంచి వెళ్ళిన భాగ్యరెడ్డి వర్మ దానికి అధ్యక్షత వహించారు. "పంచములు" అనే మాట మేము పెట్టుకున్నది కాదు, ఈ నేలకు మొదటివాళ్ళం మేమే అని చెప్పి, ఆ సభలోనే "ఆది ఆంధ్రులు" అనే పేరు ఎత్తుకున్నారు. పంచమ సభగా మొదలైంది, ఆది ఆంధ్ర సభగా ముగిసింది.

ఆ భాగ్యరెడ్డి వర్మ తల్లిదండ్రులు పెట్టిన పేరు మాదరి భాగయ్య. 1888లో హైదరాబాదులో పుట్టారు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి హరికథలతో, ఉపన్యాసాలతో వాడవాడకూ తిరిగారు. ఊరికే పేరు మార్చుకొని కూర్చుంటే ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆయన దళిత పిల్లల కోసం బడులు తెరిచారు. జోగిని దురాచారం మీద పోరాడారు. పేరు ఒక్క రోజులో పెట్టుకోవచ్చు, దానికి అర్థం తెచ్చిపెట్టడానికి ఆయనకు ఒక జీవితకాలం పట్టింది.

మిత్రులారా, హాస్టల్ పిల్లలంటే "సర్కారు తిండి తిని బతికేవాళ్ళు" అని బయట ఎవరైనా అంటే మనసు చివుక్కుమంటుంది. ఆ మాట విని తలదించుకోవడం ఒక పద్ధతి, కొట్లాటకు పోవడం ఇంకో పద్ధతి. మన గురించి మనం చెప్పుకోవడానికి మంచి మాట సిద్ధంగా పెట్టుకోవడం మూడో పద్ధతి. బెజవాడలో మన పెద్దలు చూపింది ఈ మూడోదే.

బాలయ్య కథ ఎందుకు చదవాలి?

ఇప్పుడు మన జిల్లాకే వద్దాం. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో వంగపల్లి అనే ఊరుంది. ఆ ఊరి మాదిగ కుటుంబం ఒకటి తరాల తరబడి నడిచిన దారిని ఆచార్య వై.బి. సత్యనారాయణ గారు 2011లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చారు. పి. సత్యవతి గారి అనువాదంలో అది "మా నాయన బాలయ్య"గా తెలుగులో వచ్చింది. మన హాస్టల్ లైబ్రరీలో లేకపోతే ముందు తెప్పించుకోవలసిన పుస్తకం ఇది.

ఆ వంశంలో ఒక పెద్దాయన నిజాం నవాబుకు మెత్తని తోలుచెప్పులు కుట్టి ఇచ్చాడు. నవాబు సంతోషించి యాభై ఎకరాలు ఇచ్చాడు. ఊరి దొర ఊరుకుంటాడా? రెండెకరాలు వదిలి మిగతాదంతా తీసుకున్నాడు. తర్వాతి తరంవాళ్ళు ఊరు విడిచి రైల్వే పనిలో చేరారు. రైలు వచ్చింది, దానితో పాటు దొరకు వెట్టి చేయనక్కరలేని నెల జీతం వచ్చింది. బాలయ్య కూడా రైల్వేలోనే చిన్న ఉద్యోగం చేశాడు. పెద్ద కుటుంబం, ఇరుకు క్వార్టరు, చాలీచాలని జీతం. అయినా పిల్లలు చదవాలన్నాడు. ఆయన కొడుకులు విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో ఆచార్యులయ్యారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. పుస్తకం రాసింది ప్రొఫెసరైన కొడుకు. కాని పుస్తకానికి ఆయన తన పేరు పెట్టలేదు. కథానాయకుడు రైల్వేలో చిన్న ఉద్యోగం చేసిన నాయన. పెద్ద కుర్చీ ఎక్కినవాడు, ఆ కుర్చీదాకా దారి వేసినవాడి బతుకే గొప్ప కథ అని తేల్చాడు.

మన వార్షికోత్సవాల్లో మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తున్నామని మా అభిప్రాయం. వేదిక మీదికి ఎవరిని పిలుస్తున్నాం? సర్కారు నౌకరీ వచ్చినవారిని, అమెరికా వెళ్ళినవారిని, నాయకులైనవారిని. శాలువా వాళ్ళకే, మైకు వాళ్ళకే. వాళ్ళు కష్టపడి వచ్చారు, వారిని గౌరవించాలి, సందేహం లేదు. కాని ఇదే హాస్టల్లో చదివి, కాకతీయ కాలువ కింద రెండెకరాలు కౌలుకు చేసుకుంటూ ఇద్దరు ఆడపిల్లలను డిగ్రీ చదివిస్తున్న అన్న ఉన్నాడు. దుబాయిలో ఎండలో కట్టడం పని చేసి చెల్లెలి పెళ్ళి, తమ్ముడి చదువు చూసిన అన్న ఉన్నాడు. ఆటో నడిపే అన్న, మిషన్ కుట్టే అక్క, అంగన్‌వాడీలో పనిచేసే అక్క ఉన్నారు. వాళ్ళు వార్షికోత్సవానికి వస్తే వెనక వరుసలో నిలబడి చూసి, భోజనాలకు ముందే మెల్లగా వెళ్ళిపోతారు. తమ దగ్గర చెప్పుకోదగిన కథ ఏదీ లేదని వాళ్ళు అనుకుంటున్నారు. అట్లా అనుకునేట్టు చేసింది మన వేదికే.

నౌకరీ వస్తేనే కథ, రాకపోతే కథే లేదు అనే లెక్క తప్పు. ఉద్యోగం కావాలి. ఆకలి తెలిసిన మేము ఉద్యోగం వద్దని ఎట్లా చెబుతాం? కాని ఉన్న పోస్టులు కొన్ని, రాసేవాళ్ళు లక్షలు. మిగిలినవారందరి బతుకూ వృథా అనుకుంటే అంతకంటే అన్యాయం లేదు. ఏ పని చేస్తున్నా ఎవరి ముందూ వంగకుండా, ఎవరినీ వంచకుండా, తన తర్వాతివాళ్ళకు ఒక మెట్టు వేసి పోయినవాడు నిండుగా బతికినట్టే. బాలయ్య చేసింది అదే.

రాని సీటు గురించి

మన చొప్పదండిలోనే నవోదయ విద్యాలయం ఉంది. మన మండలంలోని రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ సైనిక్ స్కూల్ ఉంది. చుట్టూ గురుకులాలున్నాయి. ఇవి మనకు గర్వకారణాలే. అయితే ఎంట్రన్సు రాసి సీటు రాని పిల్లలు, ఆ సంగతే తెలియక రాయని పిల్లలు మన హాస్టల్లో ఉండి జిల్లా పరిషత్ బడికి నడిచి వెళతారు. యూనిఫారాలు చూసి, బస్సులు చూసి "వాళ్ళు వేరు, మేము వేరు" అనుకుంటారు. అయిదో తరగతిలోనో ఆరో తరగతిలోనో రాసిన ఒక్క పరీక్ష తమ జన్మంతటికీ తీర్పు చెప్పేసిందనుకుంటారు.

గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణనే తీసుకుందాం. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామం, వ్యవసాయ కూలీల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతూ, భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకొని, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఖమ్మం జిల్లా పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటే ఎక్కాడు. అందరూ ఇంతవరకే చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. మాకు ఆ తర్వాతి సంగతి ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. పదమూడేళ్ళకే ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన చోటికి చేరిన పిల్ల, ఇక చాలు అని కూర్చోలేదు. చదువు సాగించింది, ఒక్కో ఖండంలో ఒక్కో శిఖరం ఎక్కుతూ 2022 జూన్‌లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. అంత పెద్ద గెలుపుతోనే ఆమె కథ అయిపోలేదంటే, ఒక చిన్న ఓటమితో మన కథ ఎట్లా అయిపోతుంది?

తప్పిన పేపరు గురించి

ఈ మాట చెప్పకుండా ఈ వ్యాసం ముగించడం మాకు ఇష్టం లేదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడాది మార్కుల్లో తప్పులు దొర్లిన సంగతి తర్వాత బయటపడింది. తెలుగు పేపరులో సున్నా వేసిన ఒక విద్యార్థినికి, పేపరు తిరిగి చూస్తే 99 మార్కులు ఉన్నాయి. ఆ అమ్మాయి ఉండబట్టి ఆ 99 చూసుకుంది. చూసుకోవడానికి లేకుండా పోయిన పిల్లల తల్లిదండ్రులు ఇంకా ఏడుస్తూనే ఉన్నారు.

మెమో కూడా మన గురించి వేరేవాళ్ళు రాసిన కాగితమే. దానిలో తప్పు ఉండవచ్చు. తప్పు లేకపోయినా, నిజంగానే మనం ఫెయిలైనా, అది ఒక సబ్జెక్టు గురించి చెప్పిన మాట. సప్లిమెంటరీ ఉంది, రీకౌంటింగ్ ఉంది, ఓపెన్ స్కూల్ ఉంది, ఐటీఐ ఉంది. అందుకని తమ్ముడూ, చెల్లీ, మనసు బాగలేని రోజున ఒంటరిగా టెర్రస్ మీదికి పోకు. పక్క మంచం దోస్తును లేపు. వార్డెన్ సారుకు చెప్పు, వంట చేసే అక్కకైనా చెప్పు. ఎవరితోనూ చెప్పలేకపోతే టెలి మానస్ వారి 14416 నంబరుకు ఫోన్ చెయ్యి, పైసలు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. అట్లాగే పక్కవాడు రెండు రోజులుగా మెస్‌కు రాకపోతే, మాట్లాడకపోతే, "వాడంతే" అని వదిలేయకండి. దగ్గర కూర్చోండి. సలహాలేమీ ఇవ్వనక్కరలేదు, వింటే చాలు.

ఒక్కరి కథలో పదిమంది

డాక్టర్ అంబేద్కర్ 1930లలో తన అనుభవాలను కొన్ని పేజీల్లో రాసి పెట్టుకున్నారు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" పేరుతో అది ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు, 1990లో పుస్తకంగా వచ్చింది. తొమ్మిదేళ్ళ వయసులో అన్నతో, బంధువుల పిల్లలతో కలిసి తండ్రి దగ్గరికి రైల్లో వెళ్ళారు. స్టేషన్‌లో దిగాక కులం తెలిసి ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇస్తే, బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానని ఒకడు ఒప్పుకున్నాడు. దారిలో తాగడానికి నీళ్ళు దొరకలేదు.

చిన్న పుస్తకమే అయినా అందులో ఆయన తన గురించి మాత్రమే రాసుకోలేదు. కాఠియావాడ్‌లో ఒక దళిత ఉపాధ్యాయుడి భార్య బాలింతగా జబ్బుపడితే, ముట్టుకొని వైద్యం చేయడానికి డాక్టరు నిరాకరించిన సంగతి కూడా అందులో చేర్చారు. అంత పెద్ద మనిషి తన కథ చెప్పుకోవడానికి కూర్చొని, పేరు తెలియని మనుషులకు చోటిచ్చారు. మన కథ అంటే మనమొక్కరమే నిలబడే వేదిక కాదని ఆయన అట్లా చూపించారు.

మనలాంటి హాస్టల్ పిల్లల కథల్లో తన పేరు రాయించుకోకుండా వెళ్ళిపోయినవారిలో ఎస్.ఆర్. శంకరన్ గారు ముఖ్యులు. ఐఏఎస్ అధికారిగా ఉమ్మడి రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖను నడిపారు, హాస్టళ్ళు పెరగడానికి, వెట్టి చాకిరీ నిర్మూలనకు పాటుపడ్డారు. పెళ్ళి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. పింఛను డబ్బుతో పేద పిల్లలను చదివించారు. ప్రభుత్వం పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. 2010లో ఆయన కన్నుమూసినప్పుడు హాస్టళ్ళలో చదివి పైకి వచ్చినవారు సొంత మనిషి పోయినట్టు ఏడ్చారు. ఆయన పేరు తెలియకుండానే ఎందరో ఇంకా ఆ అన్నం తిని చదువుతున్నారు.

మా విన్నపాలు

మాటలు చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. కొన్ని పనులు అనుకుందాం.

విద్యార్థులకు: ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఆదివారం స్టడీ అవర్‌లో ఒక్క పేజీ చాలు. ఈ వారం ఏం జరిగింది, ఎవరు సాయం చేశారు, దేనికి భయపడ్డారు, వచ్చే వారం ఏం చేయాలనుకుంటున్నారు, అంతే రాయండి. అక్షర దోషాలకు భయపడకండి, మన ఊరి భాషలోనే రాయండి. సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నాయనమ్మ దగ్గర, అమ్మమ్మ దగ్గర కూర్చొని వాళ్ళ చిన్నప్పటి సంగతులు అడిగి రాసుకోండి. బడికి పోని మనుషుల కథలు వాళ్ళతోనే మట్టిలో కలిసిపోతున్నాయి. రాయడం వచ్చిన మొదటి తరం మనమే అయిన ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. ఆ ఇంటి కథ మనం రాయకపోతే రాసేవారు లేరు.

పాత విద్యార్థులకు: వచ్చే సంచికకు ప్రతి ఒక్కరూ రెండు పేజీలు రాసి పంపండి. ఏ పని చేస్తున్నా సరే. దుబాయి నుంచి, భివండి నుంచి, సూరత్ నుంచి రాయండి. రాయడానికి చేయి తిరగకపోతే ఫోన్‌లో చెప్పండి, ఇక్కడి పిల్లలు రాసిపెడతారు. వచ్చే వార్షికోత్సవంలో వేదిక మీద ఆఫీసరు పక్కన ఒక కౌలు రైతుకు, ఒక ఆటో డ్రైవరుకు కుర్చీ వేద్దాం. ఇంకో మాట, ఒక్కొక్కరం ఒక్క పిల్లవాడిని ఎంచుకొని నెలకొకసారి ఫోన్ చేసి పలకరిద్దాం. పరీక్ష ఫీజు కట్టడం కంటే అది కష్టమేమీ కాదు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ అక్కరకొస్తుంది.

నిర్వాహకులకు: సంచికలో "మా కథలు" అని పది పేజీలు కేటాయించండి. ర్యాంకుల పట్టిక కూడా వేయండి, ఈ పేజీలు కూడా వేయండి.

మన కాగితం మీద ఇతరులు రాసినవి చెరిపేయడం మన చేతిలో లేదు. కాని ఆ కాగితం నిండిపోలేదు, ఖాళీ జాగా ఇంకా చాలా ఉంది. పదో తరగతి రాస్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు విజయం కలగాలని, అందరికీ కలం ఆగకూడదని కోరుకుంటూ,

వార్షికోత్సవ శుభాకాంక్షలతో, జై భీమ్!

మీ పాత విద్యార్థులం, చొప్పదండి